ఇంటిల్లిపాదితో శిఖరానికి: రైలా, రోప్‌వేనా, కారా, కాలినడకా?

సెలవుల్లో కొండల వైపు వెళ్లే కుటుంబాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నాలుగేళ్ల పిల్లో పిల్లాడో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఒకరిద్దరు, ఫోన్‌లోంచి తలెత్తని టీనేజర్ ఒకరు. అందరికీ శిఖరం మీద నిలబడి ఫొటో దిగాలని ఉంటుంది, రోజంతా కొండెక్కే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. అదృష్టవశాత్తు ప్రపంచంలో చాలా శిఖరాలకు నడవకుండానే చేరే ఏర్పాట్లు ఉన్నాయి. పళ్ల పట్టాల రైలు, రోప్‌వే, ఘాట్ రోడ్డు, చైర్‌లిఫ్ట్, ఇవేవీ లేకపోతే పిల్లలు కూడా నడవగల కాలిబాట.

ఏది ఎక్కువ ఎత్తుకు తీసుకెళ్తుంది, ఏది తొందరగా తీసుకెళ్తుంది అని చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. నేనైతే ముందు వేరే రెండు ప్రశ్నలు అడుగుతాను. బండి ఆగిన చోటి నుంచి అసలు కొన దాకా ఇంకా ఎంత ఉంది? మనలో ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే ఎంతసేపట్లో కిందికి దిగగలం? ఈ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

బండి ఆగేది ఎక్కడ?

ప్రచార కరపత్రాల్లో కనిపించని సంగతి ఇదే. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలోని టెయిడే అగ్నిపర్వతం ఎత్తు 3,715 మీటర్లు. కేబుల్ కార్ మనల్ని 3,555 మీటర్ల దగ్గర దింపేస్తుంది. మిగిలిన 160 మీటర్ల ఎత్తు కాళ్లతోనే ఎక్కాలి, దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అది తెలియక వెళ్లినవాళ్లు పైదాకా వచ్చి కూడా కొన మీదికి వెళ్లకుండానే తిరిగొస్తారు. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తయిన జుగ్‌స్పిట్జె (2,962 మీటర్లు) సంగతి ఇంకో రకం. పైన విశాలమైన డెక్, రెస్టారెంట్లు, అన్ని సదుపాయాలూ ఉంటాయి. బంగారు రంగు శిలువ ఉన్న అసలు కొన అల్లంత దూరంలో కళ్లెదుటే కనిపిస్తుంది. కానీ అక్కడికి చేరాలంటే ఇనుప నిచ్చెన, తాళ్లు పట్టుకుని బండల మీద పాకాలి. పిల్లలు అక్కడికి వెళ్దామని మారాం చేయడం ఖాయం. డెక్ మీదే ఆగుతామని కింద ఉన్నప్పుడే చెప్పి ఉంచడం మేలు. స్విట్జర్లాండ్‌లో పేరు మోసిన యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైల్వే స్టేషన్ (3,454 మీటర్లు) అయితే అసలు శిఖరమే కాదు, రెండు శిఖరాల మధ్య ఉన్న కనుమ. దృశ్యానికి ఏ లోటూ లేదు గానీ, 'శిఖరం ఎక్కాం' అని చెప్పుకోవాలనుకునేవాళ్లకు అది సరిపోదు.

దీనికి పూర్తిగా భిన్నమైనవీ ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ దగ్గర పిలాటుస్ కొండ మీది స్టేషన్‌లో దిగితే, ఎసెల్ అనే కొన (2,118 మీటర్లు) పది నిమిషాల మెట్ల దారి. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ (1,917 మీటర్లు), పైక్స్ పీక్ (4,302 మీటర్లు) రెండింటికీ రైలు, రోడ్డు కూడా కొన దాకా వెళ్తాయి. వియత్నాంలోని ఫాన్సిపాన్ మధ్యస్థం. 2016లో మొదలైన కేబుల్ కార్ దిగాక సుమారు 600 మెట్లు ఉంటాయి. మెట్లు వద్దనుకుంటే వాలు రైలు (కొండ వాలు మీద తాడుతో లాగే రైలు) ఎక్కి చాలామటుకు తప్పించుకోవచ్చు.

అందుకే బయల్దేరకముందే ఇంట్లో ఒక మాట అనుకోండి: కొన మీదే నిలబడాలా, చుట్టూ కొండలు కనిపిస్తే చాలా? పిల్లలకు అన్నిటికన్నా పైనున్న రాయి మీద కాలు పెట్టడం ముఖ్యం. పెద్దవాళ్లకు గాలి తగలని చోట ఒక బెంచీ, దగ్గర్లో బాత్‌రూమ్ ముఖ్యం. రెండూ దొరికే చోటు ఉంటే మీ పని సులువైనట్టే.

నా ఓటు పళ్ల పట్టాల రైలుకే

మామూలు పట్టాల మధ్యలో పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది. ఇంజిన్ కింద ఉన్న పళ్ల చక్రం ఆ పళ్లలో ఇరుక్కుంటూ, లాక్కుంటూ పైకి పోతుంది. జారే ప్రసక్తి ఉండదు. ఈ తరహాలో శిఖరానికి వెళ్లిన మొదటి రైలు 1869లో మౌంట్ వాషింగ్టన్ మీద మొదలైంది. యూరప్‌లో మొదటిది 1871లో స్విట్జర్లాండ్‌లోని రిగి కొండ మీద వచ్చింది. 1889లో వచ్చిన పిలాటుస్ రైలు వీటన్నిటికన్నా నిటారైనది. కొన్ని చోట్ల వాలు 48 శాతం, అంటే అడ్డంగా వంద మీటర్లు పోయేలోపు 48 మీటర్లు పైకెళ్తుంది. అంత వాలులో పళ్ల చక్రం పైకి లేచిపోతుందేమోనని ఎడ్వర్డ్ లోఖర్ అనే ఇంజినీరు పళ్లను పట్టాకు రెండు పక్కలా అడ్డంగా పెట్టాడు. రెండు చక్రాలు అటూ ఇటూ పట్టుకుని ఎక్కుతాయి. రైలెక్కే ముందు పిల్లల్ని ప్లాట్‌ఫామ్ చివరికి తీసుకెళ్లి ఆ పట్టాను చూపించండి. ఫోన్ వదలని టీనేజర్ కూడా వంగి చూస్తాడు.

కుటుంబానికి ఇదే మంచిదని అనడానికి నా దగ్గర ఉన్న మొదటి కారణం నెమ్మది. ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి చెవులు దిబ్బడ పడటం, ఒక్కసారిగా కళ్లు తిరగడం తక్కువ. అందరూ కూర్చునే ఉంటారు. ఎత్తంటే భయమున్నవాళ్లకు కింద నేల కనిపిస్తూనే ఉంటుంది, గాల్లో వేలాడుతున్న భావన రాదు. రిగి లాంటి చోట్ల మధ్యలో స్టేషన్లు ఉన్నాయి. ఒకరికి పైదాకా రావాలని లేకపోతే మధ్యలో దిగి కూర్చోవచ్చు, మిగతావాళ్లు కొన చూసొచ్చి కలుపుకోవచ్చు. మూడు తరాలు కలిసి వెళ్లేటప్పుడు ఈ వెసులుబాటు చాలా పెద్దది.

ఒక చిన్న కిటుకు: ఎక్కేటప్పుడు అసలు దృశ్యం మన వెనక, లోయ వైపు ఉంటుంది. కాబట్టి వెనక్కి తిరిగి ఉన్న సీట్లు, కింది వైపు కిటికీలు ముందు పట్టుకోండి. జనం ముందుకు చూసే సీట్ల కోసం తోసుకుంటారు, వాళ్లకు కనిపించేది కొండ రాయే.

లోపాలూ ఉన్నాయి. కొన్ని రైళ్లలో తిరుగు ప్రయాణం సీటు ముందే ఖరారై ఉంటుంది. వేల్స్‌లోని స్నోడన్ (1,085 మీటర్లు) మీదికి 1896 నుంచీ నడుస్తున్న రైలులో రానుపోను రెండున్నర గంటలు పడుతుంది. అందులో కొన మీద ఉండనిచ్చేది అరగంటే. పసిపిల్లకు డైపర్ మార్చి, పెద్దాయనకు స్వెటర్ తొడిగేసరికి అందులో సగం అయిపోతుంది. పెట్టెలో బాత్‌రూమ్ ఉండదనే అనుకుని, ఎక్కే ముందే అందర్నీ పంపండి. గాలి ఎక్కువైతే స్నోడన్ రైలు కొన దాకా వెళ్లకుండా దారిలోని స్టేషన్ దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుంది. పిలాటుస్ రైలు చలికాలంలో నడవదు. టికెట్ కొనేముందు 'ఈ రోజు పైదాకా వెళ్తుందా?' అని అడిగితే పోయేదేమీ లేదు.

రోప్‌వే: టైమ్ లేనివాళ్లకు వరం, ఎత్తు పెరిగేకొద్దీ టెన్షన్

ఫ్రాన్స్‌లో షమోనీ ఊరు 1,035 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ కేబుల్ కార్ ఎక్కి, మధ్యలో ఒకసారి మారి, సుమారు ఇరవై నిమిషాల్లో ఎగ్వీ ద్యు మిది అనే శిఖరం చేరతాం. ఆఖర్న లిఫ్టు కూడా ఎక్కితే 3,842 మీటర్లు. కింద టీషర్టుతో ఉన్న మనిషి పైన మంచులో నిలబడి ఉంటాడు. చూడటానికి ఇంతకన్నా గొప్ప చోటు దొరకడం కష్టం. అయితే చిన్నపిల్లలున్న కుటుంబానికి నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. మూడేళ్లలోపు పిల్లల్ని పైకి తేవద్దనే అక్కడ చెబుతారు. దారిలో ఉన్న 2,317 మీటర్ల స్టేషన్‌లో దిగిపోతే మాత్రం పిల్లలకు ఆడుకునే చోటు, పెద్దలకు గాలి, అందరికీ దృశ్యం దొరుకుతాయి.

దీనికి పూర్తి భిన్నం కేప్‌టౌన్‌లోని టేబుల్ మౌంటెన్. 1929 నుంచీ రోప్‌వే ఉంది. 1997లో వచ్చిన క్యాబిన్లలో నేల గుండ్రంగా తిరుగుతుంది, అంటే కిటికీ కోసం పిల్లలు కొట్టుకోనక్కర్లేదు. అయిదు నిమిషాల్లో పైన ఉంటాం, ఎత్తు వెయ్యి మీటర్లు దాటి కొంచెమే. పైన కొండ బల్లపరుపుగా ఉంటుంది, చక్రాల కుర్చీ వెళ్లగల బాటలు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తయిన చోటు (1,086 మీటర్లు) చూడాలనుకునే ఓపికమంతులు ఇంకో ముప్పావుగంట నుంచి గంట దాకా నడవొచ్చు, మిగతావాళ్లు అక్కడే కూర్చోవచ్చు. గాలి లేస్తే మాత్రం రోప్‌వే ఆపేస్తారు. పైన ఉన్నవాళ్లను దిగి రమ్మని సైరన్ మోగిస్తారు. అది వినిపిస్తే ఆఖరి ఫొటో, ఇంకో సెల్ఫీ అనకుండా క్యూలో నిలబడాలి.

రోప్‌వేల్లో రెండు రకాలు ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. ఒకదాంట్లో రెండు పెద్ద క్యాబిన్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. యాభై అరవై మంది కిక్కిరిసి నిలబడతారు, పిల్లల ముఖానికి ఎదురుగా అందరి బ్యాగులే. అలాంటి చోట పిల్లల్ని ముందుగా కిటికీ దగ్గరికి పంపి, ఎత్తంటే భయమున్నవాళ్లు మధ్యలో స్తంభం పట్టుకుని నిలబడాలి. రెండోది గొండోలా, ఆరెనిమిది మంది కూర్చునే చిన్న డబ్బాలు వరసగా వస్తూనే ఉంటాయి. మన కుటుంబానికి మన డబ్బా. పిల్లాడు ఏడ్చినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అది పూర్తిగా ఆగకుండానే ఎక్కాల్సి రావడం. నడక నెమ్మదైన పెద్దవాళ్లు ఉంటే అక్కడున్న సిబ్బందికి చెప్పండి, వేగం తగ్గిస్తారు, అవసరమైతే ఆపుతారు. మొహమాటపడి ఉరుకులు పెట్టొద్దు. స్విట్జర్లాండ్‌లోని స్టాన్సర్‌హోర్న్ (1,898 మీటర్లు) ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడదు. కింద కొంత దూరం 1893 నాటి పాత వాలు రైలు, ఆ పైన 2012లో వచ్చిన ఓపెన్ టాప్ కేబుల్ కార్. మెట్లెక్కి పైకప్పు మీద నిలబడి గాల్లో వెళ్లొచ్చు. ఎత్తు తక్కువ, సరదా ఎక్కువ. పదేళ్ల పిల్లలున్న ఇంటికి ఎగ్వీ ద్యు మిది కన్నా ఇదే ఇష్టమవుతుందని నా అంచనా.

సొంత కారులో కొన దాకా

పసిపిల్లలున్నవాళ్లకు కారు ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. పెట్టేబేడా అన్నీ వెంట ఉంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, బాగోలేకపోతే వెంటనే వెనక్కి తిప్పొచ్చు. హవాయిలోని హలెయకలా (3,055 మీటర్లు) మీదికి సముద్రపొడ్డు నుంచి కొన దాకా రోడ్డు ఉంది. సూర్యోదయం చూడటానికి వెళ్లే కార్లకు మాత్రం ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. నిద్రలేచిన పిల్లలు చలిలో వణుకుతూ సూర్యుణ్ని తిట్టుకుంటారు కాబట్టి, చిన్నపిల్లలుంటే మధ్యాహ్నానికి ముందు తీరిగ్గా వెళ్లడమే సుఖం.

కష్టం దిగేటప్పుడే. పైక్స్ పీక్ రోడ్డు సుమారు 31 కిలోమీటర్లు. దిగే దారిలో గ్లెన్ కోవ్ అనే చోట బ్రేకుల వేడి కొలిచి, ఎక్కువుంటే చల్లారేదాకా ఆపేస్తారు. అలాంటి తనిఖీ లేని కొండ మీద ఆ పని మనమే చేసుకోవాలి. ఎక్కిన గేర్‌లోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, అదే సరైనది. ఆటోమేటిక్ కారైతే లో గేర్‌లో పెట్టాలి. కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంచితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, తర్వాత బ్రేకు పట్టదు. మలుపుల్లో వాంతులయ్యే పిల్లలు ఉంటే ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ పనికిరావు. ఫోన్ చూడనివ్వకుండా, దూరంగా కనిపించేదాని మీద చూపు పెట్టించండి. ఇంకో సంగతి కూడా ఉంది. వెనక సీట్లో నిద్రపోయిన పిల్లకు ఎత్తు వల్ల బాగోలేదో, మామూలు నిద్రో తెలియదు. పైకెళ్లాక ఒకసారి లేపి మాట్లాడించండి.

చైర్‌లిఫ్ట్ గురించి క్లుప్తంగా చెప్తాను. తీగకు వేలాడే కుర్చీ వెనక నుంచి వచ్చి మోకాళ్ల వెనక తగలగానే కూర్చోవాలి, పైకెళ్లాక గెంతినట్టు దిగాలి. బడి వయసు పిల్లలకు ఇది పండగ. ఒళ్లో కూర్చునే పిల్లలకు, తుంటి నొప్పి ఉన్నవాళ్లకు కాదు. బ్యాగు వీపు మీద ఉంచుకోకూడదు, ఒళ్లో పెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ముఖం కొండ వైపు ఉంటుంది కాబట్టి భయం తెలియదు. దిగేటప్పుడు కాళ్ల కింద మొత్తం లోయ తెరుచుకుంటుంది. ఎక్కేటప్పుడు హుషారుగా ఉన్నవాళ్లు దిగేటప్పుడు కళ్లు మూసుకునేది అందుకే.

నడిచి వెళ్దామనుకుంటే

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ వాడుతున్నారు. గంటకు అయిదు కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. కొన దాకా నాలుగు కిలోమీటర్లు, 400 మీటర్ల ఎత్తు అనుకుందాం. దూరానికి 48 నిమిషాలు, ఎత్తుకు 40 నిమిషాలు, మొత్తం సుమారు గంటన్నర. ఇది గట్టి కాళ్లున్న పెద్దవాళ్ల లెక్క, పైగా ఎక్కడా ఆగకుండా. చిన్నపిల్లలుంటే రెండింతలు వేసుకోండి, అంటే మూడు గంటలు, అదీ ఎక్కడానికే. ఆ లెక్క చూశాకా మనసు మారకపోతే నిక్షేపంగా వెళ్లండి.

పసిపిల్లను వీపు మీద క్యారియర్‌లో మోసుకెళ్లేవాళ్లు ఒకటి మర్చిపోతుంటారు. మోసేవాడికి చెమటలు పడుతుంటాయి, చలి తెలియదు. వీపు మీద కదలకుండా వేలాడుతున్న పిల్లకు మాత్రం చేతులు, పాదాలు గడ్డకట్టుకుపోతుంటాయి. మీ ఒంటి వేడిని బట్టి కాకుండా, అప్పుడప్పుడూ ఆగి ఆ చిట్టి పాదాలు పట్టుకుని చూసి సాక్సులు తొడగండి.

నాకు నచ్చేది సగం సగం పద్ధతి. పైకి బండి మీద వెళ్లి, కిందికి ఒక్క స్టేషన్ దూరం మాత్రం నడవడం. రిగి మీద పాత రైల్వే కట్ట మీదుగా దాదాపు చదునుగా సాగే బాట ఉంది, తోపుడు బండిలో పిల్లను తోసుకుంటూ కూడా వెళ్లొచ్చు. అయితే మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకు దిగడమే ఎక్కువ శ్రమ, వాళ్లను రైలెక్కించేయండి.

ఎత్తు ఎంతవరకు సరే?

2,500 మీటర్లలోపు చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆ పైన నెమ్మదిగా లెక్కలు మారతాయి. 3,800 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 60 శాతానికి కాస్త పైన ఉంటుంది. అంటే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా అంతే. తలనొప్పి, వికారంతో కూడిన ఎత్తు జబ్బు మామూలుగా కొన్ని గంటలయ్యాకే మొదలవుతుంది, అందుకే గంటసేపు చూసి దిగేవాళ్లలో ఎక్కువ మందికి అది రాదు. ఆయాసం, కళ్లు తిరగడం మాత్రం మొదటి మెట్లకే రావచ్చు. పైన పరుగెత్తకూడదన్నది పిల్లలకు ఎక్కేముందే చెప్పాలి, చెప్పినా వినరు, అది వేరే సంగతి. మాటలు రాని పిల్లల్లో గుర్తు పట్టడం కష్టం. ఊరికే చిరాకుపడుతున్నా, పాలు తాగకపోయినా, ఆటపాటలు మానేసినా ఎత్తు వల్లే అనుకుని దిగిపోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు 2,500 మీటర్లు దాటే ముందు డాక్టర్‌ను అడగాలి. హవాయిలోని మౌనా కేయా (4,207 మీటర్లు) మీద అయితే 13 ఏళ్లలోపు పిల్లలు, గర్భిణులు, గుండె జబ్బులున్నవాళ్లు సుమారు 2,800 మీటర్ల దగ్గరున్న సందర్శకుల కేంద్రం దాటి పైకి రావద్దని స్పష్టంగా చెబుతారు.

జలుబున్న పిల్లలకు చెవులు నొప్పెడతాయి. ఎక్కేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు ఏదో ఒకటి మింగిస్తూ ఉండాలి. పసిపిల్లలకు పాలు పట్టడానికి అదే సరైన సమయం. చలి కూడా లెక్కలోకి తీసుకోండి. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది కాబట్టి, షమోనీలో 25 ఉంటే ఎగ్వీ ద్యు మిది మీద ఆరేడు డిగ్రీలే, గాలి కొడితే ఇంకా తక్కువ అనిపిస్తుంది. మంచు మీద ఎండ రెట్టింపవుతుంది, అందుకని చల్లదనం చూసి నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మానేయకండి.

ఎవరికి ఏది?

ఒడిలో పిల్ల ఉంటే రెండు వేల మీటర్లలోపు కొండ చాలు. రైలు గానీ రోప్‌వే గానీ, రిగి, టేబుల్ మౌంటెన్ లాంటివి. నడవలేని పెద్దవాళ్లుంటే పళ్ల పట్టాల రైలు, అదీ స్టేషన్ నుంచి కొనకు మెట్లెన్నో తెలుసుకుని. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, ఆరోగ్యంగా ఉన్న పెద్దలు మాత్రమే ఉంటే పెద్ద ఎత్తుల కేబుల్ కార్లు తప్పకుండా చూడండి, జీవితంలో మర్చిపోరు. గుంపులో ఒక్కరికి ఎత్తంటే భయమున్నా చైర్‌లిఫ్ట్ వద్దు. ఎక్కడికెళ్లాలో తేల్చుకోలేకపోతే పిలాటుస్ లాంటి చోటు చూసుకోండి. అక్కడ పడవలో వెళ్లి, రైల్లో ఎక్కి, ఇంకో వైపు రోప్‌వేలో దిగొచ్చు. ఒకే రోజులో అందరి కోరికా తీరుతుంది.

టికెట్ మాత్రం ముందురోజే కొనేయకండి, తప్పనిసరైతే తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోండి. చాలా శిఖరాల మీద కెమెరాలు పెట్టి నెట్‌లో చూపిస్తుంటారు. పొద్దున్నే ఆ చిత్రం చూసి, అంతా తెల్లగా మబ్బు కమ్మి ఉంటే ఆ రోజు కింద చెరువు దగ్గర గడిపేయండి. మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గంటకు 372 కిలోమీటర్ల గాలి నమోదైంది. ఆ కొండ ఎత్తు రెండు వేల మీటర్లు కూడా లేదు, కాబట్టి చిన్న కొండే కదా అని వాతావరణాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వేసవిలో మధ్యాహ్నం తర్వాత మబ్బులు, ఉరుములు ఎక్కువ కనుక మొదటి బండిలోనే వెళ్లండి, క్యూ కూడా తక్కువ. పైకి చేరగానే ఆఖరి బండి ఎన్నింటికో బోర్డు మీద చూసి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అది వెళ్లిపోతే పిల్లల్ని, పెద్దవాళ్లను తీసుకుని చీకట్లో నడిచి దిగాలి.